షెడ్డు ఒడిశాలో, సలహా గరివిడిలో: సరిహద్దు పాడిలో కొత్త ప్రయత్నానికి దారులు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు పాడి యూనిట్ పెట్టాలని బ్యాంకుకు వెళ్ళిన తెలుగువాళ్ళ ఫైలు తరచూ ఆగే చోటు ఒకటుంది. అది ఇంటిపేరు. భూమి రికార్డు ఒడియా లిపిలో ఉంటుంది, అందులో పేరు ముందు, ఇంటిపేరు వెనక. ఆధార్‌లో ఇంటిపేరు ముందు. పాత పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క ఇంగ్లిషు అక్షరానికి కుదించుకుపోయి ఉంటుంది. ఈ ముగ్గురూ ఒక్క మనిషేనని ఊరంతటికీ తెలుసు, బ్యాంకు కంప్యూటర్‌కి తెలియదు. ఏ యంత్రం కొనాలి, ఏ సరుకు చేయాలి అన్న మాట రాకముందే అఫిడవిట్ల కోసం తిరగడంలో నెలలు గడిచిపోతాయి. పాడి గురించి ఆలోచన మొదలైన రోజే ఈ మూడు కాగితాల్లో పేరు ఒకటి చేయించుకోవడం మంచిది. దీనికి ఏ పథకమూ అక్కర్లేదు.

సాయం కోసం వెతికేవాళ్ళు చాలామంది "సబ్సిడీ ఎంత?" అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. మన పాలు ఏ మెట్టు దగ్గర ధర పోగొట్టుకుంటున్నాయి? అక్కడ కావలసింది డబ్బు సాయమా, లేక విద్యా, అంటే తెలిసినవాళ్ళ సలహానా? డబ్బయితే షెడ్డు ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రం గుమ్మమే ఎక్కాలి. ఆంధ్ర వైపు పాతపట్నంలో మేనమామ ఉన్నా, ఇచ్ఛాపురంలో బ్యాంకు ఖాతా ఉన్నా ఉపయోగం లేదు. విద్యకు ఆ కట్టుబాటు లేదు, అది ఏ ఊరి నుంచైనా తెచ్చుకోవచ్చు. సరిహద్దులో చాలాసార్లు దీన్ని తిరగేసి చేస్తారు. డబ్బు కోసం ఆంధ్రలో బంధువులను పట్టుకుంటారు, సలహా కోసం భువనేశ్వర్ దాకా బస్సెక్కుతారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది. 1992లో ఆ ప్రాంతం గంజాం నుంచి విడిపోయి గజపతి జిల్లా అయింది. గీత కాగితం మీద పడింది గానీ వియ్యాలు, సంతలు, పశువుల బేరాలు ఎప్పటిలాగే అటూ ఇటూ సాగుతున్నాయి. పాల విషయంలో ఈ గీతకు ఇంకో అర్థం కూడా ఉంది. రెండు రుచులు కలిసే చోటది. తెలుగింటికి కావలసింది గడ్డపెరుగు, వెన్న, నెయ్యి, చిక్కటి కాఫీపాలు. అంటే గేదెపాలు. ఒడియా మిఠాయి దుకాణానికి కావలసింది ఛెనా, అంటే పాలవిరుగుడు. రసగుల్లా, ఛెనాపోడ, ఛెనాఝిల్లీ అన్నీ దాని మీదే నడుస్తాయి. ఛెనాకు ఆవుపాలే నప్పుతాయి. గేదెపాలు విరిస్తే ముద్ద గట్టిగా, గరుకుగా వస్తుంది, రసగుల్లా మెత్తగా రాదు. బరంపురం లాంటి ఊళ్ళో ఈ రెండు గిరాకీలూ ఒకే వీధిలో ఉంటాయి. అయినా ఆవుపాలు, గేదెపాలు ఒకే క్యానులో కలిపి పోసేవాళ్ళే ఎక్కువ. కలిపిన పాలు పెరుగుకు పలచన, ఛెనాకు గరుకు. ధర పోయే మొదటి మెట్టు ఇదే. దీన్ని సరిచేయడానికి రెండు క్యాన్లు చాలు.

రెండో మెట్టును కొంచెం దగ్గరగా చూడాలి. రోజుకు 100 లీటర్ల ఆవుపాలు విరిచే చిన్న యూనిట్ ఉందనుకుందాం. పాలు మరిగించి, కాస్త చల్లార్చి, పులిసిన తేటో నిమ్మ ఉప్పో పోసి తిప్పుతారు. ముద్ద విడిపోయాక గుడ్డలో కట్టి వేలాడదీస్తారు. చేతికొచ్చే ఛెనా 16 నుంచి 18 కిలోలు. గుడ్డ కింద కారిపోయే తేట 80 లీటర్ల పైచిలుకు. మర్నాటి విరుపుకు కొంత ఉంచుకుంటారు, మిగతాది కాలవలోకి పోతుంది. అందులో పాల చక్కెర దాదాపు అంతా ఉంటుంది, కొంత మాంసకృత్తు కూడా ఉంటుంది. అందుకే కాలవ కంపుకొడుతుంది, చేరిన చెరువులో చేపలకు ఊపిరాడదు. ఈ తేటను జీలకర్ర, ఉప్పు, అల్లం వేసి మజ్జిగలాంటి పానీయంగా సీసాల్లో అమ్మవచ్చు. కుడితిలో కలిపి పశువులకు కొద్దికొద్దిగా అలవాటు చేయవచ్చు. పందుల పెంపకం ఉన్న పల్లెలకు మేతలో భాగంగా ఇవ్వవచ్చు. పానీయం చేయాలంటే పులుపు ఎంతవరకు ఆపాలి, ఎన్ని రోజులు నిలవ ఉంటుంది, సీసా ఎలాంటిది అన్నవి తేలాలి. అవి తేల్చేది ప్రయోగశాల. బ్యాంకు లోను ఈ పని చేయలేదు. ఇక్కడ కావలసింది విద్య.

మూడో మెట్టు వేడి. పొదుగు నుంచి వచ్చిన పాలు 37 డిగ్రీల చుట్టూ ఉంటాయి. వాటిని 4 డిగ్రీలకు దించకపోతే ఎండాకాలంలో నాలుగైదు గంటల్లోనే పులుపు మొదలవుతుంది. కొండ పల్లెల నుంచి పాలు రోడ్డుకు చేరేసరికే ఆ గంటల్లో సగం అయిపోతాయి. ఊరికో చల్లబరిచే ట్యాంకు పెట్టాలంటే కరెంటు నమ్మకంగా ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను కుదిపేసినప్పుడు ఆ నమ్మకం ఎంత పలచనో అందరూ చూశారు. ఇప్పుడు కరెంటు ఉన్న గంటల్లో చలిని ఐసులా దాచిపెట్టి, కరెంటు పోయాక ఆ చలితోనే పాలు చల్లార్చే ట్యాంకులు మార్కెట్లో ఉన్నాయి. డీజిల్ జనరేటర్ ఖర్చు భరించలేని చిన్న కేంద్రానికి ఇవే నయం. అయితే అలాంటి ట్యాంకు ఒక్క ఇంటి పాలకు గిట్టదు. పది పదిహేను ఇళ్ళు కలవాలి, లేదా పాల సంఘం ముందుకు రావాలి.

సంఘాల సంగతి ఇక్కడే రావాలి. ఒడిశాలో సహకార పాల సమాఖ్య ఓంఫెడ్. దాని కింద గంజాం, గజపతి జిల్లాలకు కలిపి ఒక పాల యూనియన్ ఉంది. జాతీయ పాడి అభివృద్ధి కార్యక్రమాన్ని 2025 మార్చిలో సవరించి, 2021-26 కాలానికి మొత్తం 2,790 కోట్ల రూపాయలకు పెంచారు. చల్లబరిచే ట్యాంకులు, పాల పరీక్ష యంత్రాలు, కొత్త గ్రామ సంఘాలు దాని పరిధిలోకి వస్తాయి. ఈ డబ్బు ఒంటరి రైతు అడిగితే రాదు. యూనియన్ ప్రతిపాదనలో ఊరి పేరు ఉండాలి. కాబట్టి ట్యాంకు కావలసిన పల్లె మొదట చేయవలసింది సంఘం నమోదు చేసుకోవడం, ఎన్ని లీటర్లు పోస్తారో రెండు మూడు నెలల లెక్క చూపించడం. ఎంత మంచి ఆలోచన అయినా లెక్క లేని ఊరికి ట్యాంకు వచ్చే అవకాశం తక్కువ.

ఇక సొంతంగా యూనిట్ పెట్టేవాళ్ళకు డబ్బు దారులు. వీటి మీద గందరగోళం చాలా ఉంది. అందులో సగం పాత కబుర్ల వల్ల వచ్చింది.

"నాబార్డ్ సబ్సిడీ" అనే మాట సంతలో ఇప్పటికీ వినిపిస్తుంది. 25 శాతం, ఎస్సీ ఎస్టీలకు 33.33 శాతం ఇచ్చిన ఆ పాత పాడి పథకం ఆగిపోయి కొన్నేళ్ళయింది. దాని పేరు చెప్పి ఫైలు రుసుం అడిగే మధ్యవర్తి కనిపిస్తే అక్కడి నుంచి లేచి రావడమే. మరో అపోహ జాతీయ పశుగణ మిషన్ గురించి. 50 శాతం సబ్సిడీ అనగానే ఆవుల షెడ్డుకు వస్తుందనుకుంటారు. ఆ 50 శాతం మేకలు, గొర్రెలు, కోళ్ళు, పందుల యూనిట్లకు. పాడి ఆవులకు రాదు. కానీ అదే పథకంలో పశుగ్రాసం, సైలేజీ (గాలి తగలకుండా మాగబెట్టిన పచ్చిమేత) యూనిట్లకు 50 లక్షల దాకా సాయం ఉంది. పాడివాళ్ళు పట్టించుకోని పక్క గుమ్మం ఇది. నవరంగపురం, గజపతి జిల్లాల్లో మొక్కజొన్న విరివిగా పండుతుంది. గింజ పాలుపోసుకుని గట్టిపడే దశలో చేను మొత్తం కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండా తొక్కి కట్టేస్తే నెలన్నరకు మాగిన మేత తయారు. వేసవిలో ఎండుగడ్డి మీదే బతికే పశువులకు అది పండగ భోజనం. ఆవులు లేకుండా కూడా పాడిలో వ్యాపారం చేయవచ్చు అనడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ దొరకదు.

పాలతో సరుకు చేసేవాళ్ళు, అంటే ఛెనా, పనీరు, కోవా, నెయ్యి లాంటివి చేసేవాళ్ళు చూడవలసింది 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పథకం. ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు ఇస్తారు. లెక్క ఇలా ఉంటుంది. 10 లక్షల యూనిట్‌కి సొంత డబ్బు కనీసం లక్ష, బ్యాంకు లోను 9 లక్షలు, సబ్సిడీ మూడున్నర లక్షలు. చాలామందికి తెలియనిది తర్వాతి ముక్క. ఆ మూడున్నర లక్షలు చేతికి రావు. బ్యాంకులోనే విడిగా ఉంటాయి. మూడేళ్ళు వాయిదాలు సరిగా కడితే అప్పుడు లోనులోకి సర్దుతారు. సబ్సిడీ వచ్చాక షెడ్డు పైకప్పు వేద్దాం అనుకుని పునాది తవ్వినవాళ్ళకు అక్కడే టెన్షన్ మొదలవుతుంది. ఈ పథకంలో జిల్లాకు రిసోర్స్ పర్సన్లు ఉంటారు. ప్రాజెక్టు రిపోర్టు రాయించడం, బ్యాంకు వెంట తిరగడం, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీయించడం వాళ్ళ పని. లోను మంజూరైన ప్రతి యూనిట్‌కీ వాళ్ళకు ప్రభుత్వమే డబ్బిస్తుంది. దరఖాస్తుదారు జేబులోంచి ఇవ్వనక్కర్లేదు. స్వయం సహాయక సంఘాల్లో ఉండి ఆహార తయారీ చేసే మహిళలకు ఒక్కొక్కరికి 40,000 దాకా మూలనిధి కూడా ఇదే పథకంలో ఉంది. పదిమంది కలిస్తే 4 లక్షలు. పాలు విరిచే గిన్నెలకూ చిన్న ఫ్రీజర్‌కూ అది సరిపోతుంది.

ఇంకా పెద్దగా ఆలోచించేవాళ్ళకు పశు సంవర్ధక మౌలిక వసతుల నిధి ఉంది. 2020లో 15,000 కోట్లతో పెట్టారు. 2024 ఫిబ్రవరిలో పాడి శుద్ధి నిధిని ఇందులో కలిపి 29,610 కోట్లు చేశారు. ఇది సబ్సిడీ అనుకుని వెళ్తే నిరాశే మిగులుతుంది. ఇచ్చేది వడ్డీలో 3 శాతం ఊరట. 40 లక్షల లోను మీద మొదటి ఏడాది లక్షా ఇరవై వేలు తగ్గుతుంది. ఖర్చులో 90 శాతం దాకా లోను, మొదటి రెండేళ్ళు అసలు కట్టనక్కర్లేకపోవడం దీని అసలు బలం. రోజుకు వంద లీటర్ల యూనిట్ ఈ నిధి వైపు చూడటం మాత్రం సుత్తితో దోమను కొట్టడమే.

ఒడిశా రాష్ట్రం సొంతంగా ఇచ్చేవి వేరే. ముఖ్యమంత్రి కృషి ఉద్యోగ్ యోజన కింద పెట్టుబడిలో 40 శాతం, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు 50 శాతం. దీన్ని ఏపికాల్ అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. 2024లో వచ్చిన ముఖ్యమంత్రి కామధేను యోజనలో పాడి ఆవుల పెంపకం, పెయ్య దూడల పెంపకం, పశువుల బీమా ఉన్నాయి. దరఖాస్తులు ఆన్‌లైన్‌లో, సమాచారం బ్లాకు పశువైద్యుడి దగ్గర. ఒకే షెడ్డుకు రెండు సబ్సిడీలు సాధారణంగా కుదరవు కాబట్టి ఏది ముందో లెక్కేసుకుని అడగాలి. పథకాల గడువులు, పరిమితులు ఏటా మారుతుంటాయి, దరఖాస్తు రోజున మళ్ళీ సరిచూసుకోవడం తప్పదు.

దాణా, మందుల రోజువారీ ఖర్చుకు లోను తీసేవాళ్ళు కిసాన్ క్రెడిట్ కార్డు సంగతి మరిచిపోతారు. 2018-19 నుంచి పశుపోషణకూ అది వర్తిస్తుంది. సకాలంలో కడితే 2 లక్షల దాకా వడ్డీ 4 శాతమే పడుతుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. బ్యాంకు నెలల తరబడి ఏమీ చెప్పకపోతే జిల్లాలోని బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. గంజాం, గజపతి జిల్లాల లీడ్ బ్యాంకు బాధ్యత ఒకప్పుడు ఆంధ్రా బ్యాంకుది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారినా పెద్దవాళ్ళు ఇప్పటికీ "ఆంధ్రా బ్యాంకుకెళ్ళొస్తా" అనే అంటారు.

విద్య సంగతికొస్తే, పక్కనే ఉన్నవాటిని దాటి దూరం పోవడం ఇక్కడి అలవాటు. గజపతికి ఆర్.ఉదయగిరిలో, రాయగడకు గుణుపురంలో, కోరాపుట్‌కు సెమిలిగుడలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. పర్లాకిమిడి ఊరి పక్కనే సెంచూరియన్ విశ్వవిద్యాలయం క్యాంపస్, అందులో వ్యవసాయ కళాశాల ఉన్నాయి. రాయగడ వైపు వాళ్ళకు, గజపతి వాళ్ళకు అందుబాటులో ఉన్న పశువైద్య కళాశాల ఒకటి ఆంధ్రలో, విజయనగరం జిల్లా గరివిడిలో ఉంది. అక్కడ తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్తారు. ఎదకు రాని పడ్డ సంగతి, పొదుగువాపు సంగతి పరాయి భాషలో వివరించడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలోని కృషి విజ్ఞాన కేంద్రం కూడా అలాంటిదే. సలహా అడగడానికి రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదని ఎవరూ చూడరు.

కొత్త యంత్రమో, కొత్త సరుకో కనిపెట్టాలనుకునే చదువుకున్న కుర్రాళ్ళకు ఇంక్యుబేటర్లు, అంటే కొత్త వ్యాపారాలను తొలి దశలో చేయిపట్టి నడిపించే కేంద్రాలు ఉన్నాయి. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థకు పాడి కోసమే ఒకటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మేనేజ్, నార్మ్ అనే జాతీయ వ్యవసాయ సంస్థలవి ఉన్నాయి, భువనేశ్వర్‌లో కీట్ విశ్వవిద్యాలయానిది ఉంది. రాష్ట్రీయ కృషి వికాస్ యోజన ద్వారా నడిచేవాటిలో ఆలోచన దశకు 5 లక్షలు, మార్కెట్ దశకు 25 లక్షల దాకా గ్రాంటు ఇస్తూ వచ్చారు. 2021లో 945 కోట్లతో పెట్టిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు పెట్టారు. గ్రాంటు తిరిగి కట్టనక్కర్లేదు. అందుకే తేట పానీయం లాంటి తేలని ఆలోచనకు ముందు ఇటు రావాలి, బ్యాంకు లోను తర్వాత. ఒక మెలిక ఉంది. స్టార్టప్ గుర్తింపు సొంత పేరున నడిపే కొట్టుకు రాదు, కంపెనీ, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) లాంటి రూపంలో నమోదవ్వాలి. డిగ్రీ లేకుండా చేతిపనితో ఏదో కనిపెట్టినవాళ్ళ కోసం నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది. తెలుగు నేలలో అలాంటివాళ్ళను వెతికి పట్టుకునే పల్లె సృజన అనే సంస్థ కూడా ఉంది.

అన్ని కొత్తలూ యంత్రాల్లోంచే రావాలని లేదు. కోరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో తిరిగే మండ గేదెను 2021లో వేరే జాతిగా గుర్తించారు. పాలు తక్కువే, కానీ వెన్న 8 శాతం పైమాటే. కలహండి గేదెకు పెద్దకిమిడి గేదె అన్న పేరూ ఉంది. జాతి పేరు మీద నెయ్యి అమ్ముకోవడానికి ఇంతకన్నా తయారుగా ఉన్న ముడిసరుకు ఏముంటుంది? 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి, వెన్న మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, ప్యాకెట్ పనీరు, ఛెనాలకు పూర్తిగా పోయింది. లీటరు లెక్కన పాల కేంద్రానికి పోస్తే ఆ గేదెకు విలువ రాదు. వెన్న శాతం చూసి ధర కట్టేచోట వస్తుంది, నెయ్యి చేస్తే ఇంకా వస్తుంది. పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల కేంద్ర పథకం 2025 ఫిబ్రవరికి లక్ష్యం చేరిపోయింది. కొత్త సంస్థ పెట్టాలని తిరిగేకంటే, ఉన్న సంస్థల్లో పాడి రైతులను చేర్చుకునేదాన్ని పట్టుకోవడం తేలిక.

వీటిలో ఏ గుమ్మం ఎక్కాలన్నా ముందు చేతిలో ఉంచుకోవలసింది పాల పరీక్ష కాగితం. వారం రోజులు పొద్దుటి పాలు, సాయంత్రం పాలు విడివిడిగా కొలిచి రాసుకోవాలి. ఆవువి ఒక సీసా, గేదెవి ఒక సీసా ఐసు డబ్బాలో పెట్టి, మూతల మీద పేరూ తారీఖూ పెన్నుతో రాసి పరీక్షకు తీసుకెళ్ళాలి. ఆ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయాలి, ఇంటిపేరుతో సహా.